చీరను బట్టి రంగు

"ఎర్ర చీరను ఊదా చేసినావు. ఇదేం స్కానింగన్నా?" ఫోటోలో అమ్మ కట్టుకున్న చీరనే ఎమ్మిగనూరు నుంచి తెచ్చి, ఆదోని స్టూడియోలో కంప్యూటర్ పక్కన పరిచింది భాగ్య. "ఈ ఎరుపే రావల్ల."

"పాత ఫిల్మది. సాలు, పదమ్మే," తండ్రి భీమయ్య కసిరాడు.

"నువ్వు గమ్మునుండు నాయనా. నేసేటోనివి, రంగు తెలీదా? పోయిన అమ్మది ఉండేది ఈ ఒక్క ఫోటోనే."

స్టూడియో యువరాజ్ చీరను చూసుకుంటూ రంగులు సరిచేశాడు. తెర మీద చీర ఎర్రబడింది. అమ్మ మొహం చామనచాయకు వచ్చింది. కంటి కింద నీలం మాత్రం పోలేదు.

"ఈ మచ్చ ఫిల్ముదేనా అన్నా?"

"కాదమ్మా. రంగులన్నీ కుదిరినాయి."

"ఆ దెబ్బ తుడిచెయ్యప్పా," అన్నాడు భీమయ్య.

భాగ్య తండ్రిని తేరిపార చూసింది.

"తుడవద్దన్నా. పెద్ద ప్రింటు తియ్యి. నడింట్లో పెడతా."