రోజుకో సెకను

రేడియోలో తొమ్మిది గంటల సమయం చెప్పారు. సరిగ్గా అదే క్షణాన గదిలోని నిలువెత్తు గడియారం కొట్టింది.

"నాన్నా, ఇవాళ కూడా కలిసింది. వరసగా పదకొండు రోజులు," అంది కూతురు.

గడియారాలు చేసే ఆ ముసలాయనకు నమ్మకం కుదరలేదు. నలభై ఏళ్ల కిందట ఆయన చేత్తో చేసిన గడియారం అది. రోజుకో సెకను వెనకబడేది. ఆ సెకను కోసం పళ్లచక్రాలు మార్చాడు, లోలకం మూడుసార్లు కొత్తది చేశాడు. "నన్ను ఏనాడైనా అంత పట్టించుకున్నారా?" అని భార్య దెప్పిపొడిచేది.

"ఏం బాగుచేశావ్ నాన్నా?"

"ఏమీ చెయ్యలేదు. మీ అమ్మ పోయాక కీ ఇవ్వడం తప్ప దాన్ని ముట్టుకోనే లేదు."

ఆ మాట అన్నాక ఆయన వంటగది నుంచి గడియారం దాకా నేలమీద పరిచిన చెక్కల వంక చూశాడు. భార్యకు ఎడమకాలు కుంటు. ఆ కాలు పడ్డప్పుడల్లా నేల అదిరేది. నేల అదిరితే లోలకం తడబడుతుందని పనిలో కొత్తగా చేరినవాడికి కూడా తెలుసు.

ఇన్నాళ్లూ తప్పును గడియారంలోనే వెతికాడు. ఆ తప్పేమో ఇల్లంతా తిరుగుతూ ఉండేది.

ఆ రోజంతా ఆయన ఆ చెక్కల మీద కుంటుతూ నడిచాడు, ఎడమకాలు బరువుగా వేస్తూ. పాదం వాచిపోయింది. మర్నాడు తొమ్మిదింటికి రేడియో, గడియారం మళ్లీ కలిశాయి.

"ఇక కూర్చో నాన్నా. అది బాగానే నడుస్తోందిగా."

"ఒక్క సెకను తప్పనీ తల్లీ, కూర్చుంటాను," అంటూ ఆయన గోడ పట్టుకుని మళ్లీ ఎడమకాలు బరువుగా వేశాడు.