పదకొండో సంభాషణ

గైడుగారు నా కాగితాలు తిరగేస్తుంటే నేను కుర్చీ అంచునే కూర్చున్నాను. పాస్టర్లను తయారుచేసే సెమినరీలో నా డాక్టరేటు రోగులను ఓదార్చే పరిచర్య మీద. ఆసుపత్రి వార్డులో రోగితో జరిగిన సంభాషణను ఇంటికొచ్చి పొల్లుపోకుండా రాయాలి. అలాంటివి పన్నెండు. ఇది పదకొండోది, తుంటి ఎముక విరిగిన పెద్దావిడతో మాట్లాడింది.

"ఒక్క ముక్క వదల్లేదయ్యా," అన్నారాయన. "ఆవిడ కిటికీ వేయమని మూడుసార్లు అడిగింది. అదీ రాశావు."

"అవునండీ."

"వేశావా?"

వేయలేదు. మొదటిసారి అడిగినప్పుడు బైబిలు వాక్యం చదివాను. రెండోసారి ప్రార్థన చేశాను. మూడోసారికి సెలవు తీసుకుని వచ్చేశాను. అంతా నా దస్తూరీలోనే ఉంది.

ఇక కాలు నిలవలేదు. బస్సు కోసం చూసే ఓపిక లేక ఆసుపత్రిదాకా నడిచే వెళ్లాను.

కిటికీ వేసి ఉంది. పక్క మంచం మనిషి లేచి వేసిందట.

"మన్నించండమ్మా," అన్నాను. "ఆ రోజు మీరడిగింది నా చెవికెక్కలేదు."

"పోనిద్దురూ. నాలుగోసారి అడుగుదామనే అనుకున్నా. వెళ్లడానికి లేస్తుంటే మీ పెదాలు కదులుతున్నాయి. నా మాటలు బట్టీ పడుతున్నారని అర్థమైంది. కదిలిస్తే మర్చిపోతారేమోనని చలికి ఓర్చుకున్నా."

ఆవిడ దుప్పటి పక్కకు లాగి, నాకు మంచం మీద చోటు చేసింది.

"ఇంకొక్కటే రాయాలని ఆ రోజు అన్నారుగా, కూర్చోండి బాబూ. ఈసారి నెమ్మదిగా చెబుతా."