ప్లేబుక్ తెచ్చుకో

“కోచ్ రమ్మంటున్నాడు. ప్లేబుక్ కూడా తెచ్చుకో” అన్నాడు కోచ్ సహాయకుడు గస్, తన బూట్ల వంక చూస్తూ.

జట్టు జాబితా ఖరారు చేసే రోజున ఆ రెండో మాట విన్నవాడు ఇంటికెళ్ళాల్సిందే. మా ఎత్తుగడలన్నీ ఉన్న ఆ పుస్తకం తీసుకెళ్ళి కోచ్ డ్రిస్కల్ బల్ల మీద పెట్టాను.

“నీకు ఆట రాదనడం లేదు, డెవాన్. కానీ స్టేడియం ఊడ్చేవాళ్ళ సమ్మెలో ప్లకార్డు పట్టుకుని కూర్చున్నావు. టీవీల నిండా అదే. బయటి గొడవలు మనకొద్దు.”

“కోల్ తన పెళ్ళాం దవడ విరగ్గొట్టాడు కదా, కోచ్. అదీ టీవీలో వచ్చింది.”

కోల్ మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి మొదటి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ ఆట నడిపేవాడు. వాడు ఆడలేనప్పుడు దిగే రెండోవాణ్ణి నేను.

“అది వాళ్ళింటి విషయం. పైగా పోయినేడు వాడు పదమూడు మ్యాచ్‌లు గెలిపించాడు.”

“నేనే గెలిపించి ఉంటే?”

కోచ్ ప్లేబుక్ తీసి సొరుగులో పడేశాడు.

“గెలిపించి ఉంటే, నీ ప్లకార్డు మీది రాతని చొక్కాల మీద అచ్చేసి అమ్మేవాళ్ళం.”