తిరిగి రాని దోనె

"ఆ ఒక్క మాటా మీ నోటితో చెప్పండి, చాలు," అన్నాడు దుర్గేష్ కెమెరా సరిచూసుకుంటూ. "ఆ సినిమా ముగింపు మీరు ముందే అనుకున్నారా, లేక కుదరక అలా వదిలేశారా?"

కామేశం తీసిన ఒకే ఒక్క సాహస చిత్రం 'సుడిగాలి లంక'. అదే శుక్రవారం పెద్ద హీరో సినిమా వచ్చి ఊళ్లన్నీ ఊపేస్తే, దీని ఫిల్ము బాక్సులు మూడోరోజుకే వెనక్కొచ్చేశాయి. అప్పట్నుంచీ ఆయన్ని డైరెక్టరుగారూ అని పిలిచిన పాపాన పోలేదెవరూ. ఇన్నేళ్లకి ఈ వీడియోల కుర్రాడు వట్లూరులో ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అది ఆ పెద్ద హిట్టుకన్నా గొప్ప సినిమా అంటున్నాడు.

"సెట్టింగుల్లేవు, ఫ్యాన్లు పెట్టి గాలి పుట్టించడాల్లేవు. నిజం కొల్లేరు, నిజం గాలివాన. చివర్న హీరో తాటిదోనె వేసుకుని వానలోకి వెళ్లిపోతాడు. వీపు తప్ప మొహం కనిపించదు. దోనె తిరిగి రాదు. ఆ షాట్ మా ఇంట్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదండీ. మీరు మాట్లాడితే గూడెం టౌన్లో సినిమా హాలువాళ్లు మళ్లీ వేస్తామంటున్నారు."

ముసలితనంలో పొగడ్త మహా చెడ్డది, పథ్యం కూడా మరిపిస్తుంది. కామేశానికి కళ్లు చెమ్మగిల్లాయి.

"ఏవండీ, ఒక్కసారి ఇలా రండి," వంటింట్లోంచి భార్య భానుమతి పిలిచింది. వెళ్లగానే చెయ్యి పట్టుకుంది. "ఆ ముగింపు మాట ఎత్తకండి. మీకు పుణ్యముంటుంది."

"ఎవరికి తెలుసే? తెలిసినవాళ్లంతా పోయారు."

"మీకు తెలుసు కదండీ."

తెలుసు. హీరో భయపడి దోనె ఎక్కనంటే, దోనె నడిపే సత్తిరాజుకి హీరో చొక్కా తొడిగించింది తనే. "గాలి తిరిగిందండీ, వద్దండీ" అని అతను మొత్తుకుంటున్నా, "ఒక్క షాటే కదా సత్తిరాజూ" అని బతిమాలిందీ తనే. కెమెరా తిరిగింది, దోనె రాలేదు. తెల్లారేసరికి యూనిట్ మూటాముల్లె సర్దుకుంది. కూలి పుచ్చుకుని ఎటో పోయాడని అతని ఇంట్లో చెప్పించారు.

నిజం చెబితే సినిమా మళ్లీ మునిగిపోతుంది, ఈసారి తనతో సహా. కామేశం కండువా సర్దుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"చెప్పండి, కుదరక వదిలేశారా?" మళ్లీ అదే అడిగాడు దుర్గేష్.

"కుదరకపోవడమేంటి బాబూ! కథ రాసిన రోజే అనుకున్నాను. దోనె బయల్దేరినప్పుడే నాకు తెలుసు, అది వెనక్కి రాదని. అతను వెళ్లిపోవాలి, అంతే. అదీ నా ముగింపు."

వంటింటి తలుపుకి ఆనుకుని భానుమతి కళ్లు మూసుకుంది.

దుర్గేష్ ముట్టని కాఫీ మీద మీగడ కట్టింది. కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

"బాగా వచ్చిందా బాబూ?" ఆశగా అడిగాడు కామేశం.

"వచ్చిందండి. ఇంటికెళ్లి మా మామ్మకి చూపిస్తాను. ఆ వీపు మా తాతయ్యదేనని, ఏనాటికైనా తిరిగొస్తాడని, ఇంకా బొట్టు పెట్టుకునే ఉందండి ఆవిడ."