సుక్రు ఒప్పుకోని డోలీ

"బాగోలేదు," అన్నాడు సుక్రు.

డోలీని ఇంకా భుజానికి ఎత్తనైనా లేదు.

సుష్మ పళ్లు బిగించింది. అనంతగిరి దాటాక జీపు ఆగిపోయిన చోటు నుంచి కొండెక్కి వచ్చింది. ఈ ఊరికి రోడ్డు లేదు. జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా మనిషిని కర్రకు కట్టిన దుప్పట్లో వేసి కిందికి మోసుకుపోవాలి. ఆ దుప్పటి బదులు గట్టి డోలీ తయారుచేయడమే ఆమె పని. మోసేవాళ్లు సరేనంటేనే ఆమె పనిచేసే ఫ్యాక్టరీ వాటి తయారీ మొదలుపెడుతుంది. ఇక్కడ సుక్రు మాటే ఊరి మాట.

మొదటిది అల్యూమినియం గొట్టాలతో చేయించింది. వెల్డింగు దగ్గర విరిగిందన్నాడు. ముక్కలేవంటే, లోయలో పారేశానన్నాడు. వెల్డింగు వేడికి అల్యూమినియం ఆ చుట్టుపక్కల మెత్తబడుతుంది. నిజమే అయ్యుంటుందనుకుంది. రెండోది ఇనుముతో చేసి బోల్టులు బిగించింది. బరువన్నాడు. అందుకే ఈసారి మళ్లీ అల్యూమినియమే తీసుకుని, అతుకన్నది లేకుండా, వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల ఇసుక కూరి, ఒకే గొట్టాన్ని వంచి, ఆ ఇసుక తీయించి చేయించింది.

"ఎత్తి చూడకుండానే ఏం బాగాలేదు?"

"ఎండకి కాల్తాది. వానకి జారతాది."

"రబ్బరు తొడుగు వేయిస్తాను."

"రబ్బరు కంపు. కడుపుతోటున్నోల్లు కక్కుకుంటారు."

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. సుక్రు తమ్ముడు ఫల్గుణ అందరికంటే గట్టిగా నవ్వాడు. "మేడం, నువ్వే కూకో దీన్లోన. ఓపాలి లోయ దాకా మోసుకెల్తాం."

గొట్టాన్ని కాదు, తననే అసహ్యించుకుంటున్నారని ఆమెకు తోచింది. తనూ వాళ్లను అంతే అసహ్యించుకుంటున్నానని మరుక్షణం తెలిసింది.

"చావడమే ఇష్టమైతే చావండి!"

ఆ మాట తన నోటి నుంచే వచ్చింది. సిగ్గు వేయలేదు. అదే ఆమెను భయపెట్టింది.

సుక్రు మొహం మారలేదు. "బేగి దిగు. మంచు కమ్మేస్తాది."

"ఫ్యాక్టరీకి ఏమని చెప్పను?"

"డోలీలు ఈ కొండకి పనికిరావని సెప్పు. ఏ డోలీ అయినా."

తర్వాతి వారం కబురు చేయకుండా మళ్లీ కొండెక్కింది. ఊళ్లోనే ఉండిపోయిన ఇనుప డోలీని కిందికి దింపించుకోవడానికేనని తనకు తాను చెప్పుకుంది. నిజానికి మొదటిదాని ముక్కలు వెతికించాలని ఉంది. అది విరిగింది వెల్డింగు దగ్గర కాకపోతే, ఆ ముక్కల్ని సుక్రు మొహాన కొట్టాలని ఉంది.

కాఫీ తోటల మధ్య, సగం దారిలో, పైనుంచి అరుపులు.

"తప్పుకో! తప్పుకో!"

ముందు సుక్రు, వెనక ఫల్గుణ, దాదాపు పరుగెత్తుతున్నారు. వాళ్ల భుజాల మీద, లోయలో పారేశానన్న అల్యూమినియం డోలీ. అందులో నొప్పులతో మెలికలు తిరుగుతున్న ఆడమనిషి. గొట్టానికి చుట్టిన గుడ్డ ఎన్ని ప్రయాణాల చెమటకో నల్లబడిపోయింది. వెల్డింగు ఎక్కడా చెదరలేదు.

సుష్మ బాటకు అడ్డంగా నిలబడిపోయింది.

సుక్రు ఆగలేదు. మోచేత్తో ఆమెను పక్కకు తోసి, వెనక్కి తిరగకుండానే అరిచాడు: "సూసినట్టు ఎక్కడన్నా సెప్పేవంటే ఊరుకోను, ఇది బాగుందని తెలిస్తే మాకింక రోడ్డెయ్యరు!"