నేను గీసిన గీతలు

దేవుడి ముందు ఎన్నిసార్లు చెప్పుకున్నా బరువు దిగలేదు. అందుకే ఈ కార్డు మీద నీకు రాస్తున్నాను చిట్టీ.

మా కుట్టు సంఘం సమావేశాలు ఎవరు నడిపించాలో తేల్చడానికి వర్క్‌షాప్ పెట్టారు. చివరికి మిగిలింది నేనూ, నా తోటికోడలూ. ఒకరు పది నిమిషాలు చర్చ నడిపిస్తే, ఎవరు ఎవరితో మాట్లాడారో రెండోవారు కాగితం మీద గీతలు గీయాలి.

నా వంతులో ఆమె గీసిన గీతలన్నీ నా దగ్గరికే వచ్చాయి. ఇక పదవి నాదే అనుకున్నాను.

ఆమె వంతులోనూ అందరూ ఆమె వైపే తిరిగారు. నాకు కడుపు మండింది. వర్క్‌షాప్ నడిపే మేడమ్ వేరే సంఘం గుంపు దగ్గర ఉన్నారు. ఈమెను ఎవరూ లెక్కచేయలేదని మేడమ్ అనుకోవాలని, ఆమె దగ్గరికి ఒక్క గీత కూడా పోనివ్వలేదు. ఆడవాళ్లు వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నట్టు గీసేశాను.

మేడమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు.

"అమ్మా, మీరు లేకపోతే మీ గుంపు నోరు విప్పదు. ఈమె గుంపులో అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. నడిపించడమంటే ఇదే."

తోటికోడలు నా చెయ్యి పట్టుకుంది. "నేనే తెగ వాగాననుకున్నా అక్కా. నువ్వు సరిగ్గా చూశావు కాబట్టి బతికిపోయా."

ఇప్పుడు సమావేశంలో ఆమె ఒక ప్రశ్న వేసి ఊరుకుంటుంది. ఆడవాళ్లు నిజంగానే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. నా అబద్ధాన్ని ఆమె నిజం చేసి చూపించింది. నాకింకా మండుతూనే ఉంది.

ఈ కార్డు దాచి ఉంచు చిట్టీ. మీ పిన్నికి మాత్రం చూపించకు.