అందరికీ వచ్చిన పాట

"మేష్టారూ, గిటారు పట్టుకుని సమాధుల దిబ్బ మీదికి వస్తారా?"

అడిగినవాడు ముసలాయన. ఊరూ పేరూ తెలియదు. చేతిలో చిన్న కంజీర.

బడిపంతులు యాకోబుకి ఒళ్లు మండింది. పొద్దుటినుంచీ ఆకాశం ఇటుక రంగులో ఉంది. చెట్టు మీద ఆకు కదలడం లేదు. సముద్రం మాత్రం ఒకటే హోరు.

ఇసుకపాలెంలో మెరక అంటే ఆ దిబ్బ ఒక్కటే. బతికున్నవాళ్లు పల్లంలో ఉంటే, పోయినవాళ్లు మెరకన ఉన్నారు. శవాన్ని మోసుకెళ్లినప్పుడు తప్ప అటువైపు ఎవరూ అడుగు పెట్టరు. ఊరికి రేడియో కూడా రాని ఆ రోజుల్లో దయ్యాలకు మాత్రం కొదవలేదు.

అయినా ముసలాయన ఊరివాళ్లను ఎలా లాగాడో లాగాడు. దిబ్బ మీద ఒక్కడూ కూర్చుని జోలపాట ఎత్తుకున్నాడు. కింద దారిన పోతున్న తాతమ్మ ఊరుకోలేక రెండో చరణం అందుకుంది. పైనున్న పాటని కింద నిలబడి ఎంతసేపని అందుకుంటుంది? ఎక్కేసింది. ఆమె వెనక పల్లె ఎక్కింది.

యాకోబు భార్య ప్రేమమ్మ కూడా తయారైంది. ఊరంతా అక్కడే ఉంటే మనమొక్కళ్లం ఇంట్లో ఏం చేస్తామండీ అంది. ఇక యాకోబుకి తప్పలేదు.

బందరులో దొరసాని దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్న చెయ్యి అతనిది. ఆరు తీగల మీదా వేళ్లు పరుగులు తీసే ఇంగ్లీషు బాణీ ఒకటి అతనికి వచ్చు. పాపం, ఈ ఊళ్లో అది ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇవాళైనా వినిపిద్దామని మొదలుపెట్టబోయాడు.

ముసలాయన అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అందరికీ వచ్చిందే వాయించండి. వినేవాడు మధ్యలో లేచిపోతాడండి. పాడేవాడు లేవడు."

వాయించాడు. మూడే కార్డ్స్, తీగల మీద మూడే పట్లు. ఊడ్పుల పాటకీ అవే, తెడ్డు పాటకీ అవే, క్రిస్మస్ పాటకీ అవే. ముక్కూ మొహం తెలియని ముసలాయనతో గిటారు ఇట్టే కలిసిపోయింది. వేటకెళ్లేవాళ్ల ఆడవాళ్లు క్రిస్మస్ పాట పాడారు. ప్రేమమ్మ తెడ్డు పాటకి చప్పట్లు కొట్టింది.

ముసలాయన సందివ్వడం లేదు. ఒక పాట అయ్యీ అవకముందే ఇంకోటి ఎత్తుకుంటున్నాడు. ఎవరైనా లేవబోతే వాళ్ల పుట్టింటి పాట అడుగుతున్నాడు. మధ్యమధ్య సముద్రం వైపు చూస్తున్నాడు. దాని గురించి మాత్రం ఒక్క మాటా అనడం లేదు.

అప్పుడు వచ్చాడు, ఊరూరా చేపలు కొని అమ్మే కోటిలింగం. ముసలాయన్ని చూడగానే అతని మొహం పాలిపోయింది.

"ఈణ్ణి నేనెరుగుదును. పోయినేడు బంటుమిల్లి దిగువన ఒక పాలెంలో ఇట్టాగే మిట్ట మీద పాటలు పెట్టాడు. ఆ సాయంత్రమే ఊరి మీదికి సముద్రమొచ్చింది. ఒక్క ఇల్లు మిగల్లేదు."

ఇళ్ల మాటే చెప్పాడు. మనుషుల మాట అతనూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు.

అంతే. సమాధుల మధ్య పాటలేమిటని అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఎవరో తోశారు. ఎవరో రాయి విసిరారు. అడ్డుపడితే ఆగేవాళ్లే, మేష్టారి మాటకి ఆ ఊళ్లో విలువుంది. యాకోబు అడ్డుపడలేదు. చప్పట్లన్నీ ఆ ముసలాయనకే పోతున్నాయని అతనికి లోపల కడుపుమంటగానే ఉంది.

నుదుటి నెత్తురు తుడుచుకుంటూ ముసలాయన అతని దగ్గరికి వచ్చాడు.

"పాట ఆపకండి మేష్టారూ. తేలికవే వాయించండి. వీళ్లని కిందికి దిగనివ్వకండి."

"ఎందుకు?"

ముసలాయన కంజీర చంకన పెట్టుకున్నాడు. "చెబితే వినరండి," అని ఒడ్డు వెంబడి పక్కూరు రత్తయ్యలంక వైపు గబగబా వెళ్లిపోయాడు.

జనం ఇంకా దిబ్బ మీదే ఉన్నారు. అందరూ మేష్టారి వైపు చూశారు. యాకోబుకి ఇన్నాళ్లకు దొరికిన అదను అది. ఇంగ్లీషు బాణీ ఎత్తుకున్నాడు.

మర్యాదకి రెండు మూడు సార్లు విన్నారు. అతను మళ్లీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. ఇంతలో గాలి లేచింది. మేష్టారు ఎంత బాగా వాయిస్తున్నారో అనుకుంటూనే ఒక్కొక్కరూ కొంగులు దులుపుకుని లేచారు. వలలు తీసుకోవాలని ఒకరు, గొడ్డుని కట్టేయాలని ఒకరు.

"ఇది నాకు రాదు కదండీ. కట్టెలు తడుస్తాయేమో, లోపల పడేసి వస్తాను," అంది ప్రేమమ్మ.

తాళం తప్పుతుందని యాకోబు కళ్లు తెరవకుండానే తలూపాడు.

బాణీ ఎక్కడా తప్పకుండా పూర్తయింది. కళ్లు తెరిచేసరికి చుట్టూ సమాధులే ఉన్నాయి. కింద ఇళ్ల వెనకాల, చూరులకన్నా ఎత్తున, నీళ్లు నల్లగా నడిచి వస్తున్నాయి. గొంతు చించుకుని అరిచాడు. ఆ గాలిలో ఎవరికీ వినపడలేదు.

మూడోనాడు చల్లపల్లి బడిలో, ప్రాణాలతో మిగిలినవాళ్లకు గంజి పోస్తున్నారు. యాకోబు మూల కూర్చున్నాడు. ప్రేమమ్మ దొరకలేదు. ఎందుకు బతికానా అని ఏడ్చి ఏడ్చి అతని కళ్లు వాచిపోయాయి.

రత్తయ్యలంక మాత్రం ఊరంతా ప్రాణాలతో వచ్చింది. చంకల్లో పిల్లలు, వెనక ముసలివాళ్లు. నుదుట నెత్తురు కారుతున్న ఒక పెద్దాయన వచ్చి, కరకట్ట మీద పాటలు పెట్టి, చీకటి పడేదాకా తమని దిగనివ్వలేదని ఆ ఊరి వెంకాయమ్మ చెప్పింది. ఇంట్లో మంచం పట్టిన ఒక ముసలమ్మ కోసం చివర్లో ఆయనే దిగాడట. మళ్లీ ఎక్కలేదట.

యాకోబు తల పట్టుకున్నాడు.

"సముద్రం వస్తోందని ఒక్క మాట చెప్పి ఉంటే అందరం ఉండిపోయేవాళ్లం కదమ్మా. ఎందుకు చెప్పలేదు?"

వెంకాయమ్మ గంజి గిన్నె కింద పెట్టింది.

"ఆయన దిగబోయే ముందు మేమూ అదే అడిగాం బాబూ. ఒకసారి చెప్పాడంట, ఆయన సొంతూళ్లో. సముద్రమొస్తందని ఇంటింటికీ తిరిగి అరిస్తే పిచ్చోడని నవ్వారంట. ఆ ఊళ్లో మిగిలింది ఆయనొక్కడేనంట."